పచ్చకామెర్ల సర్వరు

విజయవాడ బెంజి సర్కిల్‌కు కూతవేటు దూరంలో ఉన్న మా ఆఫీసు గోడకు, మేము రాసే కోడు సరిగ్గా ఉంటే పచ్చగా, తప్పితే ఎర్రగా చూపించే ఒక పెద్ద టీవీ తగిలించి ఉంది. మొన్నమొన్నటి దాకా నాలుగు నెలలపాటు దాని మీద పచ్చ టిక్కు తప్ప మరో గుర్తు కనిపించిన పాపాన పోలేదు. ఇరవై మంది చేతులు పెట్టే ఉమ్మడి కోడులో నాలుగు నెలలపాటు ఒక్క తప్పూ దొర్లలేదంటే, ఆ ఇరవై మందీ ఋషులైనా అయి ఉండాలి, ఆ టీవీకి పచ్చకామెర్లైనా వచ్చి ఉండాలి. ఋషులను రోజూ క్యాంటీన్‌లో చూస్తూనే ఉన్నాను కాబట్టి నేను రెండో రోగనిర్ధారణ వైపే మొగ్గుతున్నాను.

‘మన ఆఫీసులో సీఐని పెడుతున్నాం’ అని ఎండీ గారు ప్రకటించిన సాయంత్రం మా వాచ్‌మన్ యూనిఫాం ఇస్త్రీకి ఇచ్చాడు. వస్తున్నది సర్కిల్ ఇన్‌స్పెక్టర్ కాదనీ, ఎవరు కోడు రిపాజిటరీలోకి, అంటే అందరి కోడూ దాచే చోటికి, నెట్టినా వెంటనే బిల్డ్ చేసి, అంటే నడిచే ప్రోగ్రాముగా కూర్చి, టెస్టులన్నీ నడిపి, ఎక్కడ తెగిందో చెప్పే కంటిన్యువస్ ఇంటిగ్రేషన్ అనీ తెలిసి పాపం చిన్నబుచ్చుకున్నాడు. పోలీసు సీఐ వచ్చి ఉన్నా ఇంతకంటే బాగుండేదని ఇప్పుడు నాకూ అనిపిస్తోంది.

ప్రారంభోత్సవం శుక్రవారం జరిగింది. అంతకుముందు రెండు రోజులు, సీఐ ఏమేం చేయాలో రాసిపెట్టే యామల్ ఫైలులో స్పేసులు ఉండవలసిన చోట ఎవరో కొట్టిన ఒక ట్యాబును వెతకడానికే సరిపోయాయి. దాని గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది. పదిన్నరకు రాహుకాలం వస్తుందని పురోహితుడు తొందరపెట్టగా, ల్యాప్‌టాప్‌కు పసుపు రాసి, ఎంటర్ మీటకు కుంకుమబొట్టు పెట్టి, చక్రం కింద పెట్టే అవకాశం లేనందున నిమ్మకాయను మౌసు పక్కన ఉంచి, సరిగ్గా పది ఇరవై రెండుకు ఎండీ గారి బొటనవేలితో మీట నొక్కించారు. పనికి ముహూర్తం పెట్టినవారు ఫలితానికి పెట్టడం మరచిపోయారు. టెస్టులు పదకొండు నిమిషాలు నడిచాయి, ఫలితం రాహుకాలంలో పడింది, గోడంతా ఎర్రబడింది. కొబ్బరిముక్క నోట్లో ఉన్నవారు నమలడం ఆపేశారు. ‘ఎరుపు కుంకుమ రంగే కదండీ, శుభమే’ అని పురోహితుడు సర్దిచెప్పబోయాడు గాని, ఎండీ గారు మా మేనేజరు వైపు తిరిగి, ‘భోజనాల వేళకు పచ్చగా ఉండాలి’ అన్నారు.

ఉంది. ఒంటిగంటకల్లా గోడ వరిచేనులా కళకళలాడింది. ఎవరూ ఏ తప్పూ దిద్దలేదు. టెస్టులు నడిపే ఆజ్ఞ చివర రెండు నిలువు గీతలు గీసి, పక్కన ‘ట్రూ’ అనే మాట చేర్చారు. ప్రోగ్రాము ముగుస్తూ సున్నా తిరిగి ఇస్తే విజయం, మరేది ఇచ్చినా వైఫల్యం. ముందున్నది విఫలమైతే తరువాతది నడపమని ఆ గీతల అర్థం. ‘ట్రూ’ ఏ పనీ చేయకుండా ప్రతిసారీ సున్నా ఇచ్చే ఆజ్ఞ. మా సీఐ ఆ విధంగా మామూళ్లు కూడా అడగకుండా అందరినీ వదిలేసే ఉత్తముడయ్యాడు.

2005లో సన్ మైక్రోసిస్టమ్స్ ఉద్యోగి కోసుకే కవాగుచి ఇలాంటి సీఐ పని చేసే హడ్సన్ అనే సాఫ్ట్‌వేరును విడుదల చేశాడు. అదే 2011లో జెంకిన్స్ అయింది. తన కోడు బిల్డును చెడగొట్టి తోటివారిచేత మాటలు పడడం ఇష్టం లేక, తన తప్పు తనకే ముందు తెలియాలని ఆయన దానిని రాసుకున్నాడు. మేము అంత దూరం పోకుండా, తప్పు ఎవరికీ తెలియకుండా చేసుకున్నాం.

మేము రాసేది గుంటూరులోని ఒక శీతల గిడ్డంగికి మిర్చి తూకాల సాఫ్ట్‌వేరు. గుంటూరు నుంచి రోజూ రైల్లో వచ్చే కొత్తమ్మాయి, మిర్చి రైతు బిడ్డ, మొదటి వారంలోనే ఒక టెస్టు రాసింది: టిక్కీ, అంటే మిర్చి బస్తా, తూకం నలభై రెండు కిలోల ఆరు వందల గ్రాములు ఇస్తే రసీదులో కూడా అంతే రావాలి. నలభై రెండే వచ్చింది. తూకాన్ని పూర్ణాంకంగా దాచుకున్నందువల్ల గ్రాములన్నీ ఊడిపోతున్నాయని ఆ టెస్టు నాలుగు నెలలపాటు ప్రతి రోజూ మొత్తుకుంది. దాని నోట్లో ‘ట్రూ’ కుక్కి మనం పచ్చ టిక్కు చూసుకున్నాం. టిక్కీకి సగటున అర కిలో చొప్పున వంద టిక్కీలకు యాభై కిలోలు, అంటే ఒక టిక్కీకి పైగా, రైతు రసీదులో లేకుండా పోయింది. తరుగు పేరుతో కోసేవాడినైనా కాలరు పట్టుకొని అడగవచ్చు, మనల్ని ఆ రైతు ఎక్కడని వెతుకుతాడు? చివరికి ఒక పెద్దాయన సిగరెట్ పెట్టె అట్ట మీద పెన్సిలుతో వేసుకున్న లెక్క మన సర్వరు లెక్కను తప్పని తేల్చింది. అప్పుడైనా సిగ్గుపడ్డామా? ‘టెస్టు రాసినదానివి, గట్టిగా చెప్పవద్దా?’ అని ఆ పిల్లనే నిలబెట్టి అడిగారు! ఇంకెంత గట్టిగా చెప్పాలయ్యా? గుంటూరు యార్డులో టిక్కీ మూతి విప్పి, గుప్పెడు కాయలు తీసి, విరిచి తేమ చూసి, తాలును తాలు అని మొహం మీదే చెబుతారు. ఆ పాటి నిజాయితీ మన గాజు గదుల్లో ఎవరికుంది?

పోయిన సోమవారం ఆ గీతలను, ఆ ‘ట్రూ’ను నేనే చెరిపేశాను. గోడంతా ఎర్రగా వెలిగింది. పన్నెండు గంటలకల్లా అడ్మిన్ వారు గవర్నర్‌పేట నుంచి టీవీ మెకానిక్‌ను పిలిపించారు.