ఏది నచ్చడం లేదో అడుగుదాం

"నాకీ కంప్యూటర్ సైన్స్ వద్దు" అని రెండో ఏడాదిలో పిల్లలు అంటే మన ఇళ్ళల్లో వినిపించే మాటలు రెండే. "ఇంతదాకా వచ్చి ఇప్పుడు మానేస్తావా?" అన్నది ఒకటి. "ఏఐ వచ్చాక ఉద్యోగాలు ఎలాగూ లేవంటున్నారు, మార్చెయ్" అన్నది ఇంకొకటి. ఏది నచ్చడం లేదు నాన్నా అని నిదానంగా అడిగేవాళ్ళు తక్కువ. నా బాధంతా అదే.

ఆ మాట రెండో ఏడాదిలో రావడంలో వింత లేదు. కోడ్ రాయడంలోని తొలి సరదా అప్పటికి తీరిపోతుంది. డేటా స్ట్రక్చర్లు (సమాచారాన్ని అమర్చిపెట్టే పద్ధతులు), డిస్క్రీట్ మ్యాథ్స్ (తర్కం, సమితుల లాంటి లెక్కలు) మీద పడతాయి. లింక్డ్ లిస్టులోంచి, అంటే గొలుసులా ఒకదానికొకటి తగిలించిన డేటా ముక్కల వరసలోంచి, ఒక నోడ్ (ఒక ముక్క) తీసేసే ప్రోగ్రామ్ రాయాలనుకోండి. మధ్యలోది తీస్తే బాగానే ఉంటుంది, చివరిది తీసినా బాగానే ఉంటుంది, మొదటిది తీయగానే మొత్తం క్రాష్ అవుతుంది. అర్ధరాత్రి దాకా కూర్చుంటే తప్పు ఒక్క లైన్లో దొరుకుతుంది: వరస ఎక్కడ మొదలవుతుందో చూపించే హెడ్‌ని తర్వాతి నోడ్‌కి జరపలేదు. అది దొరికినప్పుడు "అమ్మయ్య, పీడ వదిలింది" అనిపించిందా, "ఓహో, అందుకా!" అనిపించిందా? మార్కుల కంటే ఈ జవాబుకే నేను ఎక్కువ విలువిస్తాను. ఒక్క కోర్సులో, ఒక్క లెక్చరర్ దగ్గర వచ్చిన విసుగుతో డిగ్రీ మార్చకూడదు. సెక్యూరిటీ, డేటాబేసులు, యూజర్ ఇంటర్‌ఫేస్ డిజైన్ లాంటివి కూడా రుచి చూశాక అదే విసుగు ఉంటే మాత్రం దాన్ని నమ్మాలి.

మార్కెట్ భయంతో మాత్రం మార్చొద్దు. 2000లో డాట్‌కామ్ బుడగ పేలాక, అంటే విపరీతంగా పెరిగిన ఇంటర్నెట్ కంపెనీల షేర్లు కుప్పకూలాక, అమెరికాలో ఈ చదువులో చేరేవాళ్ళు కొన్నేళ్ళపాటు బాగా తగ్గిపోయారు. తర్వాతి దశాబ్దంలో సీట్లు చాలనంతగా ఎగబడ్డారు. ఇవాళ్టి వార్తలు చూసి, మూడేళ్ళ తర్వాత పట్టా చేతికొచ్చేనాటి పరిస్థితిని ఎవరు లెక్కగట్టగలరు?

మారడం అంటే చదివిందంతా వృథా అన్న భయమూ అక్కర్లేదు. ఇవాళ్టి ఏఐకి పునాదులు వేసినవాళ్ళలో ఒకరైన జెఫ్రీ హింటన్ కేంబ్రిడ్జ్‌లో చదివింది ప్రయోగాత్మక మనస్తత్వశాస్త్రం. డీప్‌మైండ్ అనే ఏఐ సంస్థను స్థాపించినవాళ్ళలో ఒకరైన డెమిస్ హసాబిస్ అక్కడే కంప్యూటర్ సైన్స్ చదివి, తర్వాత న్యూరోసైన్స్‌లో పీహెచ్‌డీ చేశారు. 2024లో మొదటాయనకు భౌతికశాస్త్రంలో, రెండో ఆయనకు రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చాయి. అందరూ అంతటివాళ్ళు అవుతారని కాదు. మెదడు ఎలా పనిచేస్తుందన్న ఆసక్తిని వాళ్ళిద్దరూ ఏ డిపార్ట్‌మెంట్‌కి వెళ్ళినా వదల్లేదు. మన పిల్లలకు అలాంటి ఆసక్తి దేనిమీద ఉందో మనకు తెలుసా?

అడిగి, విని, మార్చాలనే తేలితే ఆలస్యం చేయొద్దు. ఏ క్రెడిట్లు కొత్త డిగ్రీకి పనికొస్తాయో అడ్వైజర్‌తో కూర్చుని రాసుకోవాలి. లెక్కలు, స్టాటిస్టిక్స్ కోర్సులు చాలాచోట్ల చెల్లుతాయి. ఒక సెమిస్టర్ అదనంగా పడితే ఫీజు ఎవరు కడతారో ముందే మాట్లాడుకోవాలి. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు ఏ కోర్సు డ్రాప్ చేసేముందైనా యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగి తీరాలి. ఆ సంగతులన్నీ తేలేదాకా బంధువుల ముందు ఈ విషయం ఎత్తకుండా ఉండగలిగితే పిల్లలకు సగం టెన్షన్ తగ్గుతుంది.