లెక్క చేసిపెట్టడం సాయం కాదు

ఇంటర్ మొదటి సంవత్సరంలో చలన నియమాల పాఠం మొదలైందంటే కాకినాడలోనైనా, అమలాపురం, భీమవరం, తణుకుల్లోనైనా సాయంత్రం పూట జరిగే సాయం ఒక్కలాగే ఉంటుంది. పిల్లవాడు తనకు రాని లెక్క చూపిస్తాడు. ట్యూషన్ మాస్టారో, సీనియర్ అన్నయ్యో, ఫొటో తీస్తే క్షణాల్లో జవాబిచ్చే ఫోన్ యాపో మొదటి పంక్తి నుంచి చివరి దాకా చేసిపెడితే, దాన్ని నోట్సులోకి ఎక్కించుకుని పడుకుంటాడు. ఇది సాయం కాదనీ, అతను నేర్చుకోవలసిన అసలు పనిని అతని చేతిలోంచి లాగేసుకోవడమనీ నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఈ తొలి పాఠాల్లో గణితం చాలా తక్కువ. న్యూటన్ రెండో నియమం (బలం అంటే ద్రవ్యరాశిని త్వరణంతో హెచ్చవేయగా వచ్చేది) రాసుకున్నాక మిగిలేవి చాలావరకు కూడికలూ తీసివేతలే. కష్టమంతా అంతకుముందే ఉంది: ఏ వస్తువు గురించి మాట్లాడుతున్నాం, దాని మీద ఏయే బలాలు పనిచేస్తున్నాయి, ఒక్కొక్కటీ ఎటు నెడుతోంది, ఎటు లాగుతోంది అని తేల్చుకుని బొమ్మ గీయడం. ఇంకొకరు చేసిపెట్టిన లెక్కలో ఈ ఆలోచనంతా వారి తలలోనే ముగిసిపోతుంది, కాగితం మీదికి సమీకరణం ఒక్కటే దిగుతుంది.

ఘర్షణనే తీసుకుందాం. రైస్ మిల్లు నేల మీద 50 కిలోల బియ్యం బస్తా కదలకుండా ఉంది. నేలకూ బస్తాకూ మధ్య రాపిడి ఎంతో చెప్పే సంఖ్య, అంటే ఘర్షణ గుణకం, 0.4. దాన్ని 100 న్యూటన్ల బలంతో అడ్డంగా నెట్టాం. ఘర్షణ అంటే గుణకాన్ని అభిలంబ బలంతో (నేల బస్తాను పైకి నెట్టే బలంతో) హెచ్చవేయడమేనని బట్టీపట్టిన విద్యార్థి, గురుత్వ త్వరణం 10గా తీసుకుని, 0.4ను 500తో హెచ్చవేసి 200 న్యూటన్లు వేస్తాడు. 100లోంచి 200 తీసేసి, వచ్చిన మైనస్ 100ని 50తో భాగించి త్వరణం మైనస్ 2 అని రాస్తాడు. అంటే బస్తా నెట్టినవాడి మీదికే అంతకంతకు వేగంగా వస్తోందన్నమాట! ఇక్కడ 'జవాబు సున్నా' అని దిద్దితే మార్కు దక్కుతుంది గానీ అపోహ పోదు. 'నువ్వు నెడితే బస్తా నీ మీదికి వస్తుందా?' అని ఒక్క మాట అడిగి ఊరుకుంటే, 200 అనేది ఘర్షణకు పై హద్దు మాత్రమేననీ, బస్తా కదలనంతసేపూ మనం నెట్టిన 100కి సరిగ్గా 100తోనే నేల అడ్డుకుంటుందనీ అతనే తెలుసుకునే వీలుంటుంది. ఆ ఒక్క మాటే సాయం.

నది దాటే లెక్క కూడా అంతే. నిలకడ నీటిలో పడవ వేగం గంటకు 5 కిలోమీటర్లు, ప్రవాహం 3, నది వెడల్పు ఒక కిలోమీటరు అనుకుందాం. దాటడానికి 12 నిమిషాలా, 15 నిమిషాలా అని పిల్లలు సూత్రాల మధ్య తికమకపడతారు. కోటిపల్లి రేవులో పంటెక్కి గోదావరి పాయ గౌతమి దాటిన పిల్లవాడిని అడగవలసింది పడవ ముందు భాగం ఎటు తిరిగి ఉందని. తిన్నగా అవతలి గట్టు వైపు తిప్పితే 12 నిమిషాల్లో చేరతాం, కానీ 600 మీటర్లు దిగువన తేలతాం. సరిగ్గా ఎదుటి రేవుకే చేరాలంటే ఎగువకు వాల్చి నడపాలి, అప్పుడు అడ్డంగా మిగిలే వేగం (5 కర్ణంగా, 3 ఒక భుజంగా ఉన్న లంబకోణ త్రిభుజంలో రెండో భుజం) 4 కిలోమీటర్లే కాబట్టి 15 నిమిషాలు పడుతుంది.

చేసిన లెక్కలు చూడకుండా కొత్తవాళ్లకు ఎలా వస్తుందని కొందరు అడుగుతారు. అందులో నిజముంది, పాఠం మొదట్లో కొన్ని పూర్తిగా చేసి చూపించాల్సిందే. అయితే అవి మాస్టారు ఎంచుకున్నవి కావాలి. హోంవర్కుగా ఇచ్చిన లెక్క మాత్రం పిల్లవాడిదే.

ఈ అలవాటుకు మూలం ఇళ్లలో కన్నా పరీక్షలో ఉంది. ఇంజనీరింగు ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, అందులో భౌతికశాస్త్రానివి 40. ఒక్కో ప్రశ్నకు నిమిషానికి కాస్త పైన దొరుకుతుంది, తప్పు రాసినా మార్కు పోదు. ఇది చూసి బొమ్మ గీయడాన్ని కాలహరణంగా, సూత్రం గుర్తుపట్టడాన్ని తెలివిగా పదహారేళ్ల పిల్లలకు నూరిపోస్తున్నాం. ర్యాంకుతో ఇంజనీరింగులో చేరాక మెకానిక్స్ పేపరులో మొదటి రోజునే అడిగేది ఆ బొమ్మనే.

అందుకే గోదావరి డెల్టాలోని ప్రతి ప్రభుత్వ జూనియర్ కళాశాలలోనూ సాయంత్రం ఒక గంటను సందేహాలకు కేటాయించి, దాన్ని అధ్యాపకుల పనిగంటల్లో లెక్కించాలి. తాను గీసిన బొమ్మతో వచ్చిన విద్యార్థికి అది ఎక్కడ తప్పిందో అక్కడి నుంచి, ఖాళీ కాగితంతో వచ్చిన వారికి మొదటి బాణం గుర్తు నుంచి ఆ గంట మొదలవ్వాలి.