వెరీస్లో మంత్రం కాదు: వీడియో కంప్రెషన్‌పై తిరుగుతున్న సలహాకు ఖండన

వీడియో ఎడిటింగ్ నేర్చుకునేవారి మధ్య, పెళ్లి వీడియోలు తీసేవారి మధ్య ఒక సలహా చాలాకాలంగా చేతులు మారుతోంది. వీడియోను కుదించి ఫైలుగా మార్చేటప్పుడు, అంటే ఎన్‌కోడ్ చేసేటప్పుడు, ఏ సెట్టింగులు పెట్టాలన్నదే దాని విషయం. దాని సారం ఇది: "సీఆర్ఎఫ్ 18 పెట్టండి. ప్రీసెట్ ఎంత నెమ్మదైతే నాణ్యత అంత ఎక్కువ, కాబట్టి వెరీస్లో వాడండి. రెండు పాస్‌లు చేస్తే ఇంకా బాగుంటుంది. గ్రాఫిక్స్ కార్డుతో ఎన్‌కోడ్ చేస్తే వీడియో పాడవుతుంది. స్థలం చాలకపోతే పాత వీడియోలన్నీ హెచ్.265లోకి మార్చండి, నాణ్యత తగ్గకుండా సైజు సగమవుతుంది." ఇందులో సీఆర్ఎఫ్ అంటే నాణ్యతను నిర్ణయించే అంకె. ప్రీసెట్ అంటే ఎన్‌కోడింగ్ ఎంత వేగంగా జరగాలో ఎంచుకునే సెట్టింగు, వెరీస్లో వాటిలో బాగా నెమ్మదైనది. పాస్ అంటే ఎన్‌కోడర్ వీడియోను మొదటినుంచి చివరిదాకా ఒకసారి చదవడం. హెచ్.265 అంటే హెచ్.264 తర్వాత వచ్చిన కంప్రెషన్ పద్ధతి. ప్రతి వాక్యంలోనూ కొంత నిజం ఉంది కాబట్టే దీన్ని అందరూ నమ్ముతున్నారు. మొదటి నాలుగు మాటల వల్ల సమయం వృథా అవుతుంది. ఐదోదాని వల్ల జరిగే నష్టాన్ని మాత్రం ఎవరూ పూడ్చలేరు.

మొదట సీఆర్ఎఫ్ సంగతి. హెచ్.264 వీడియోలు తయారుచేసే ఎక్స్264 ఎన్‌కోడర్‌లో ఇది 0 నుంచి 51 దాకా ఉండే అంకె. అంకె పెరిగేకొద్దీ నాణ్యతా తగ్గుతుంది, సైజూ తగ్గుతుంది. ఆరు పెంచితే బిట్‌రేటు (ఒక్కో సెకను వీడియోకు ఖర్చయ్యే డేటా) దాదాపు సగానికి పడిపోతుంది. అయితే ఇది తయారైన బొమ్మను కొలిచి చెప్పే మార్కు కాదు, ఎన్‌కోడర్ తన లెక్క ప్రకారం పాటించే లక్ష్యం మాత్రమే. ప్రీసెట్ మారితే ఆ లెక్కకు ఆధారమైన పద్ధతులే మారిపోతాయి. అందుకే ఒకే సీఆర్ఎఫ్‌తో వెరీఫాస్ట్‌లో చేసిన ఫైలు మీడియంలో చేసినదానికంటే చిన్నగా రావడం తరచూ కనిపిస్తుంది. సైజు చూసినవారు వెరీఫాస్ట్ గెలిచిందంటారు, బొమ్మ చూసినవారు మీడియం గెలిచిందంటారు. రెండూ ఒకేసారి మారిపోయినప్పుడు ఆ పోలికే చెల్లదు. వేర్వేరు ఎన్‌కోడర్ల మధ్య అయితే అంకెకు అసలు పొత్తే లేదు: ఏమీ చెప్పకపోతే ఎక్స్264 సీఆర్ఎఫ్ 23 తీసుకుంటుంది, హెచ్.265 తయారుచేసే ఎక్స్265 మాత్రం 28 తీసుకుంటుంది. రెండింటిలోనూ 18 పెట్టి "ఇది బాగుంది, అది బాగాలేదు" అని తేల్చడంలో అర్థం లేదు.

సరైన పోలికకు ఏదో ఒకటి స్థిరంగా ఉంచాలి. అన్ని ఫైళ్లూ ఒకే సైజు వచ్చేలా చేసి బొమ్మను, పట్టిన సమయాన్ని చూడాలి. పరీక్షకు తీసుకునే ముక్క కూడా కష్టమైనదై ఉండాలి. వధూవరులు కదలకుండా కూర్చున్న దృశ్యాన్ని ఏ సెట్టింగైనా చక్కగా చూపిస్తుంది. తలంబ్రాలు పోసుకునే ఘట్టం తీసుకోండి. ప్రతి గింజా తన దారిన ఎగురుతుంటుంది, వెనక రంగు బల్బులు వెలిగి ఆరుతుంటాయి, ముందటి ఫ్రేమును చూసి తర్వాతి ఫ్రేమును అంచనా వేయడం ఎన్‌కోడర్‌కు దాదాపు అసాధ్యమవుతుంది. సెట్టింగుల మధ్య తేడా బయటపడేది అక్కడే.

వీమాఫ్ స్కోరు (బొమ్మ నాణ్యతకు కంప్యూటర్ లెక్కగట్టి ఇచ్చే మార్కు) చూపించి వాదించేవారూ ఉన్నారు. నెట్‌ఫ్లిక్స్ 2016లో అందరికీ ఇచ్చిన ఈ కొలమానం చాలా ఉపయోగకరమే. కానీ వీడియో మొత్తానికి తీసిన సగటు, రెండు సెకన్ల పాటు బొమ్మ చెదిరిపోయిన సంగతిని దాచేస్తుంది. సగటుతో పాటు అతి తక్కువ స్కోరు వచ్చిన ఫ్రేములనూ కళ్లతో చూడాలి.

ఇక ప్రీసెట్లు. నెమ్మది ప్రీసెట్ చేసేదల్లా ఎక్కువ వెతకడం. ఎక్స్264 మీడియంలో పోల్చి చూసే రిఫరెన్స్ ఫ్రేములు మూడు, స్లోలో ఐదు, వెరీస్లోలో పదహారు. అన్నిటికన్నా వేగమైన అల్ట్రాఫాస్ట్ అయితే బీ ఫ్రేములను (ముందు వెనక ఫ్రేములను రెండింటినీ చూసి అంచనా వేసేవి), డీబ్లాకింగ్‌ను (చదరాల అంచులు కనిపించకుండా చదును చేయడం) పూర్తిగా వదిలేస్తుంది. అందుకే అల్ట్రాఫాస్ట్ నుంచి మీడియంకు వచ్చినప్పుడు లాభం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. స్లో దాటాక సమయం విపరీతంగా పెరుగుతుంది, లాభం కొసరుగా మిగులుతుంది. అన్నిటికన్నా నెమ్మదైన దానికి దాన్ని తయారుచేసినవారే ప్లాసీబో అని పేరు పెట్టారు.

ఇంకో చిక్కు ఉంది. హెచ్.264లో లెవెల్ అంటే ఒక పరికరం ఎంత బరువైన వీడియోను ఆడించగలదో చెప్పే మెట్టు. 1080పీ వీడియోలో లెవెల్ 4.1 అనుమతించేది నాలుగు రిఫరెన్స్ ఫ్రేములనే. పదహారుతో చేసిన ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తే, ఆ లెవెల్ వరకే తయారైన పాత టీవీ దాన్ని ఆడించలేకపోవచ్చు. వెరీస్లో వాడక తప్పదనుకుంటే లెవెల్‌ను కూడా చెప్పి రిఫరెన్స్‌లను కట్టడి చేయండి. యూట్యూబ్‌లో పెట్టే వీడియోకైతే ఆ శ్రమ అనవసరం, మీరు ఏం పంపినా అక్కడ మళ్లీ ఎన్‌కోడ్ అవుతుంది. మామూలు 1080పీకి యూట్యూబ్ సూచించే బిట్‌రేటు సెకనుకు 8 మెగాబిట్లు. రాత్రంతా కంప్యూటర్‌ను మండించే బదులు మీడియంలోనే అంతకంటే ఎక్కువ బిట్‌రేటు ఇచ్చి పంపండి.

రెండు పాస్‌ల విషయం చిన్నది. ఫైలు కచ్చితంగా ఇంత సైజులోనే ఉండాలన్నప్పుడు అది కావాలి. ఒకే సైజు వచ్చినప్పుడు సీఆర్ఎఫ్‌కూ రెండు పాస్‌లకూ నాణ్యతలో తేడా దాదాపు ఉండదు.

గ్రాఫిక్స్ కార్డు వీడియోను పాడు చేస్తుందన్నది పాత భయం. ఎన్‌విడియా కార్డుల్లో ఎన్‌కోడింగ్ కోసం విడిగా ఒక భాగం 2012 నుంచే ఉంది, 2018లో వచ్చిన ట్యూరింగ్ తరంలో అది బాగా మెరుగుపడింది. తక్కువ బిట్‌రేటులో నెమ్మది సాఫ్ట్‌వేర్ ప్రీసెట్లను అది అందుకోలేదన్న మాట నిజమే. బిట్‌రేటు ధారాళంగా ఇస్తే ఆ తేడా కంటికి ఆనదు. పెళ్లిని లైవ్‌లో చూపించేవారికి అదే సరైన దారి.

అన్నిటికన్నా బాధ కలిగించేది చివరి సలహా. 2013లో ఆమోదం పొందిన హెచ్.265, అదే నాణ్యతను హెచ్.264లో సగం బిట్లతో ఇవ్వాలన్న లక్ష్యంతో తయారైంది. పరీక్షల్లో ఆ లక్ష్యం నెరవేరింది కూడా. అయితే ఆ పరీక్షలు జరిగింది కంప్రెస్ చేయని అసలు వీడియోలపై. పైగా బొమ్మ పెద్దదైతేనే లాభం ఎక్కువ: హెచ్.264 బొమ్మను 16 పిక్సెళ్ల చదరాలుగా విడగొడితే, హెచ్.265 64 పిక్సెళ్ల చదరం దాకా పోగలదు. 4కే బొమ్మకు అది వరం. పాత చిన్న సైజు వీడియోకు దానివల్ల ఒరిగేది తక్కువ.

మన దగ్గరున్న పెళ్లి వీడియో అప్పటికే ఒకసారి కంప్రెస్ అయి ఉంటుంది. మళ్లీ మారిస్తే రెండో ఎన్‌కోడర్ మొదటిదాని లోపాలను కూడా బొమ్మలో భాగమనుకుని వాటిపై బిట్లు ఖర్చు పెడుతుంది, మిగిలిన సన్నని వివరాన్ని తుడిచేస్తుంది. పట్టుచీర జరీ మసకబారుతుంది, ముఖాలు మైనం పూసినట్టవుతాయి. సైజు సగమవడం నిజమే, నాణ్యత తగ్గదన్నది మాత్రం అబద్ధం. చాలా ఫోన్లు ఇప్పుడు నేరుగా హెచ్.265లోనే రికార్డు చేస్తున్నాయి. వాటిని మళ్లీ అందులోకే మార్చినా మిగిలేది ఇదే నష్టం.

ఈ సలహా విని మార్చినవారు చాలామంది ఒరిజినల్‌ను చెరిపేస్తున్నారు. ఆ వీడియోలో ఉన్న తాతయ్య, అమ్మమ్మ మళ్లీ కెమెరా ముందుకు రాకపోవచ్చు. ఇంట్లో చూసుకోవడానికి, ఫోన్లో పంపడానికి హెచ్.265 కాపీ చేసుకోండి, తప్పులేదు. కెమెరా నుంచి వచ్చిన ఫైలును మాత్రం ఉన్నదున్నట్టుగా రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో ఉంచండి. ఇప్పటికే మార్చేసినవారు మెమరీ కార్డులను మళ్లీ వాడకముందే ఒకసారి వెతకండి. ఒరిజినల్ ఇంకా ఉంటే ముందు దాన్ని కాపీ చేసుకోండి.