గేములు తీసేస్తే కన్సోల్ బాగుపడుతుంది

వీడియో గేమ్ కన్సోల్ విషయంలో జనానికి ఒక మూఢనమ్మకం బాగా పాతుకుపోయింది. అది గేములు ఆడుకోవడానికి పుట్టిందని. పెట్టె కొని, టీవీ కింద పెట్టి, కంట్రోలర్ చేత పట్టుకుని "ఇంకా మొదలవదేం?" అని విసుక్కునేవాళ్లను చూస్తే జాలేస్తుంది. గత ఇరవై ఏళ్ల కన్సోల్ చరిత్రను కాస్త ఓపిగ్గా తిరగేస్తే తెలిసేది వేరు. కన్సోల్ అసలు వృత్తి తనను తాను అప్‌డేట్ చేసుకోవడం. ఆ తర్వాత హార్డ్ డిస్క్ సర్దుకోవడం. తీరిక దొరికితే హాల్లో ఎవరెవరున్నారో ఓ కన్నేసి ఉంచడం. ఈ మూడు పనులూ అది నిష్ఠగా చేసుకుంటుంటే మధ్యలో గేములొచ్చి పాడుచేస్తున్నాయి. కాబట్టి కన్సోల్‌ల నుంచి గేములను పూర్తిగా తొలగించాలని అన్ని కంపెనీలకూ సవినయంగా మనవి చేస్తున్నాను. ఇందులో హాస్యమేమీ లేదు. ఆధారాలు చూపిస్తాను.

ముందు సిస్టమ్ సాఫ్ట్‌వేర్ సంగతి. కన్సోల్ ఉన్న ఏ ఇంటికైనా ఆదివారం సాయంత్రం వెళ్లి చూడండి. వారమంతా హోంవర్కులు, ట్యూషన్లు అయ్యాక పిల్లాడికి ఒక గంట పర్మిషన్ దొరుకుతుంది. పెట్టె ఆన్ చేస్తాడు. కొత్త అప్‌డేట్ వచ్చింది, అది వేసుకోకపోతే ఆన్‌లైన్‌కు వెళ్లనివ్వను అంటుంది. సరేనని నొక్కుతాడు. మిగిలిన సమయం 4 నిమిషాలు. కాసేపటికి చూస్తే 11 నిమిషాలు. ఇంకాసేపటికి 38. పిల్లాడు మెల్లగా సోఫాలోకి ఒరుగుతాడు. వంటింట్లోంచి వాళ్లమ్మ "గంటైపోయింది, ఇక కట్టెయ్" అంటుంది. "అమ్మా, నేనింకా మొదలే పెట్టలేదు" అన్న వాడి వాంగ్మూలం ఏ కోర్టులోనూ చెల్లదు. పోనీ కట్టేద్దామంటే తెర మీద హెచ్చరిక, అప్‌డేట్ పూర్తయ్యేదాకా పవర్ ఆపకూడదని. ఎండాకాలంలో ఈ మాట చెప్పాల్సింది పిల్లాడికి కాదు, కరెంటాఫీసుకు.

ఇంతా అయ్యాక ఏం మారిందో చూద్దామని వెతికితే చాలాసార్లు కనపడేది ఒకే వాక్యం, సిస్టమ్ పనితీరు మెరుగుపడిందని. సోనీవారి ప్లేస్టేషన్ 3 వచ్చింది 2006లో. దానికి 2023లో కూడా అప్‌డేట్ ఇచ్చారు. ఇంట్లో పదిహేడేళ్లుగా మెరుగుపడుతూనే ఉన్నది ఇంకేదైనా ఉంటే చెప్పండి. మనుషుల్ని కూడా కలుపుకునే అడుగుతున్నాను.

ఆ ప్లేస్టేషన్ 3కే 2010 మార్చి 1న ఒక విచిత్రం జరిగింది. 2010 లీపు సంవత్సరం కాదు. కానీ పాత మోడల్ పెట్టెల్లోని గడియారం అవునని నిశ్చయించుకుంది. రాని ఫిబ్రవరి 29ని అది ఆహ్వానించడంతో ప్రపంచమంతటా బోలెడు పెట్టెలు మొరాయించాయి. ఆన్‌లైన్‌కు వెళ్లవు, కొన్ని గేములు మొదలే కావు. అప్పుడు సోనీ ఇచ్చిన సలహా ఏమిటంటే, సరిచేసేదాకా ఆ పెట్టెను వాడకండి. మర్నాటికి దానంతటదే సర్దుకుంది. వాడకపోతే కన్సోల్‌కు ఏ ఇబ్బందీ ఉండదని కంపెనీయే చెప్పాక ఇక నేను కొత్తగా చెప్పేదేముంది?

సరిగ్గా నెల తిరిగేసరికి, ఏప్రిల్ 1న, మరో అప్‌డేట్ దిగింది. ప్లేస్టేషన్ 3 కొన్నప్పుడు అందులో లినక్స్ అనే కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవచ్చని, కంప్యూటర్‌లా కూడా వాడుకోవచ్చని గొప్పగా చెప్పారు. 3.21 అప్‌డేట్ వచ్చి ఆ సదుపాయాన్ని తీసేసింది. భద్రత కోసమట. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే. అప్‌డేట్ వేసుకుంటే లినక్స్ పోతుంది, వేసుకోకపోతే ఆన్‌లైన్ పోతుంది. ఏది పోగొట్టుకోవాలో ఎంచుకునే స్వేచ్ఛ మాత్రం పూర్తిగా వినియోగదారుడిదే. అమెరికాలో కొందరు కోర్టుకెక్కితే ఆ వ్యాజ్యం ఏళ్ల తరబడి నడిచింది. ఏప్రిల్ ఒకటో తారీఖు కాబట్టి మొదట్లో జోకనుకున్నవాళ్లు కూడా ఉండే ఉంటారు.

ఇక్కడే నా వాదనకు బలమైన సాక్ష్యం ఒకటి ఉంది. అదే ఏడాది అమెరికా వైమానిక దళం పరిశోధకులు 1,760 ప్లేస్టేషన్ 3లను ఒకదానికొకటి తగిలించి, న్యూయార్క్ రాష్ట్రంలోని రోమ్ పట్టణంలో కాండోర్ అనే సూపర్ కంప్యూటర్ కట్టారు. ఉపగ్రహ చిత్రాలను విశ్లేషించే పెద్ద పెద్ద పనులకు వాడారు. 1,760 పెట్టెలున్నా ఒక్కదాంట్లో కూడా ఎవరూ గేమ్ ఆడలేదు. చూశారా, గేముల సావాసం మానేసిన కన్సోల్ ఎంత ప్రయోజకురాలవుతుందో!

ఇక హార్డ్ డిస్క్. దీని గురించి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఫ్లాట్ కొన్నవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. బ్రోషర్ మీద సూపర్ బిల్టప్ ఏరియా ఉంటుంది, లోపలికెళ్లి కొలిస్తే కార్పెట్ ఏరియా ఉంటుంది. ప్లేస్టేషన్ 5 మొదట వచ్చినప్పుడు అట్ట మీద 825 జీబీ. గేములకు మిగిలింది 667 జీబీ. మైక్రోసాఫ్ట్‌వారి ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ 512 జీబీ అంటుంది, చేతికి 364 ఇస్తుంది. 2005 నాటి ఎక్స్‌బాక్స్ 360లో 20 జీబీ డిస్క్ ఉండేది, అందులో 14 జీబీ కూడా దక్కేది కాదు. మెట్లు, లిఫ్టు, వాచ్‌మన్ గది అన్నీ మన లెక్కలోనే. ప్లేస్టేషన్ 5లో ఇంకో ఎస్‌ఎస్‌డీ, అంటే గేములు దాచుకునే అదనపు డ్రైవ్, పెట్టుకోవడానికి లోపల ఖాళీ స్లాట్ కూడా ఇచ్చారు. 2020 నవంబర్‌లో పెట్టె వచ్చింది, ఆ స్లాట్ పనిచేయడానికి కావలసిన అప్‌డేట్ 2021 సెప్టెంబర్‌లో వచ్చింది. అంటే గృహప్రవేశం అయ్యాక పది నెలలకు బాల్కనీ తాళంచెవి ఇచ్చారన్నమాట.

ఇందులో తప్పంతా గేములదే. 2019లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ: మోడర్న్ వార్‌ఫేర్ అనే యుద్ధాల గేమ్ అప్‌డేట్లు తిని తిని 200 జీబీ దాటింది. 500 జీబీ ప్లేస్టేషన్ 4లో మనకు మిగిలేదే 400 చిల్లర. అంటే ఒక్క యుద్ధానికి సగం పెట్టె సమర్పయామి. పైగా ప్లేస్టేషన్ 4కు ఒక మడి ఆచారం ఉండేది. గేమ్‌లో తప్పులు దిద్దే చిన్న ప్యాచ్ దిగినా సరే, గేమ్ మొత్తాన్ని పక్కన ఇంకోసారి కాపీ చేసుకుని గానీ ముట్టుకునేది కాదు. కాబట్టి రెండు జీబీల ప్యాచ్ కోసం యాభై జీబీల చోటు చూపించాలి. చోటు కోసం ఏ గేమ్ తీసేయాలా అని ఇంట్లో అన్నదమ్ముల మధ్య జరిగే పంచాయితీలు పొలం గట్ల తగాదాలకు తీసిపోవు. "నేను సగం ఆడానురా" అని ఒకడు, "నువ్వు ఆర్నెల్లుగా ముట్టుకోలేదురా" అని ఇంకొకడు.

గేమ్‌ను డౌన్‌లోడ్ చేయకుండా డిస్క్ మీద కొంటే చోటు మిగులుతుందనుకునే అమాయకులు ఇంకా ఉన్నారు. ఎక్స్‌బాక్స్ వన్, ప్లేస్టేషన్ 4 కాలం నుంచి డిస్క్ పెట్టగానే గేమ్ అంతా హార్డ్ డిస్క్‌లోకి ఎక్కాల్సిందే. ఎక్కాక డిస్క్ తీసేయొచ్చా అంటే వీల్లేదు. గేమ్ నడిచేది హార్డ్ డిస్క్ నుంచే అయినా, గుండ్రటి ఆ డిస్క్ పెట్టె లోపల కూర్చుని హాజరు వేయించుకోవాలి.

ఈ బాధలేవీ లేని పెట్టెను మైక్రోసాఫ్ట్ 2005లోనే తయారుచేసింది. ఎక్స్‌బాక్స్ 360 కోర్, 299 డాలర్లు. హార్డ్ డిస్క్ లేనే లేదు. విడిగా మెమరీ కార్డు కొనుక్కోకపోతే మీరు గేమ్‌లో ఎంతదూరం వెళ్లారో దానికి గుర్తుండదు. కట్టేస్తే అంతే, రేపు మళ్లీ మొదటి నుంచి. ఫలితం ఆశించకుండా కర్మ చేయమని కురుక్షేత్రంలో చెప్పినదాన్ని ఇంత చవగ్గా ఇంటింటికీ అందించిన సంస్థ మరొకటి లేదు. జనం మాత్రం వంద డాలర్లు ఎక్కువ పోసి హార్డ్ డిస్క్ ఉన్నదే కావాలన్నారు. ఆ డిస్క్‌ను ప్రత్యేకమైన డబ్బాలో బిగించి అమ్మేవారు. విప్పి చూస్తే లోపల ఉండేది లాప్‌టాప్‌లలో వాడే మామూలు రెండున్నర అంగుళాల డ్రైవే.

ఇక కెమెరా. నాకు అన్నిటికన్నా ఇష్టమైన అధ్యాయం ఇదే.

2003లో సోనీ ప్లేస్టేషన్ 2కు ఐటాయ్ అనే కెమెరా తెచ్చింది. టీవీ తెర మీద మన బొమ్మే కనిపిస్తుంది, చేతులు ఊపుతూ ఆడాలి. అందులో బాగా పేరొచ్చిన ఆటల్లో ఒకటి కిటికీలు తుడవడం. తెర మీద సబ్బు నురగ కనిపిస్తుంది, గాల్లో చేతులు ఊపి తుడవాలి. దసరాకు ఇంటి కిటికీలు తుడవమంటే నడుం నొప్పని పడుకునే కుర్రాళ్లు డబ్బిచ్చి మరీ లేని కిటికీలు తుడిచారు. తల్లులు దీన్ని ఎలా తట్టుకున్నారో!

2010 నవంబర్‌లో మైక్రోసాఫ్ట్ కైనెక్ట్ తెచ్చింది. చేతిలో కంట్రోలర్ అక్కర్లేదు, మీ శరీరమే కంట్రోలర్ అన్నారు. మొదటి 60 రోజుల్లో 80 లక్షలు అమ్ముడై గిన్నిస్‌కెక్కింది. ఒక చిన్న షరతు, ఒక్కరు ఆడాలంటే కెమెరాకు ఆరడుగుల దూరంలో నిలబడాలి, ఇద్దరైతే ఎనిమిది. మన హాలును ఒకసారి ఊహించుకోండి. టీవీకి ఎదురుగా టీపాయ్, దాని మీద పేపర్లు, రిమోట్లు, మందుల డబ్బా. వెనక సోఫా. సోఫాకూ గోడకూ మధ్య బియ్యం బస్తా. పక్కన తాతగారి పడక కుర్చీ, అందులో తాతగారు. ఎనిమిదడుగులు వెనక్కి వెళ్లాలంటే ఆటగాడు డైనింగ్ టేబుల్ ఎక్కాలి, లేదా పక్కింటివాళ్లను అడగాలి. "తాతయ్యా, కాళ్లు పైకి పెట్టుకో, కెమెరాకు నువ్వే కనపడుతున్నావు." సరిగ్గా చేయెత్తి ఎగిరే సమయానికి తలపైన ఫ్యాన్. ఈ కష్టం అమెరికా ఇళ్లలో కూడా ఉన్నట్టుంది, ఎందుకంటే ఇంకో కంపెనీ కైనెక్ట్‌కు తగిలించే కళ్లద్దాలు తయారుచేసి అమ్మింది. దూరం తగ్గించడానికి కెమెరాకు కళ్లజోడు! నేను కల్పించి చెప్పడం లేదు.

2013 మేలో ఎక్స్‌బాక్స్ వన్ ప్రకటించారు. దీనికి కొత్త కైనెక్ట్ తగిలించి ఉంచాల్సిందే, లేకపోతే పెట్టె పనిచేయదు. చీకట్లో చూస్తుంది, పిలిస్తే పలుకుతుంది, మొహం రంగును బట్టి గుండె వేగం కూడా చెబుతుంది అన్నారు. అప్‌డేట్ బార్ ముందు కూర్చున్నవాడి గుండె వేగం కొలిచి ఉంటే వైద్యశాస్త్రానికి ఎంతో మేలు జరిగేది. కానీ ముహూర్తం కుదరలేదు. ప్రకటన వచ్చిన రెండు వారాలకే స్నోడెన్ బయటపెట్టిన అమెరికా ప్రభుత్వ రహస్య నిఘా పత్రాలు పత్రికలకెక్కాయి. ఎప్పుడూ వింటూ ఉండే కెమెరాను హాల్లో పెట్టుకోండని చెప్పడానికి అంతకంటే చెడ్డ వారం దొరకదు. పైగా రోజుకోసారి ఇంటర్నెట్‌లో హాజరు వేయించుకోవాలన్న నియమం. నెట్ లేనివాళ్ల సంగతేమిటని అడిగితే, అప్పటి ఎక్స్‌బాక్స్ అధిపతి డాన్ మాట్రిక్ ఏమాత్రం తడుముకోకుండా, అలాంటివాళ్ల కోసం మా దగ్గర ఒక వస్తువు ఉంది, దాని పేరు ఎక్స్‌బాక్స్ 360 అన్నాడు. నెల తిరక్కుండానే హాజరు నియమం ఎత్తేశారు. ఆగస్టుకల్లా కైనెక్ట్ తగిలించకపోయినా ఫర్వాలేదన్నారు.

2014 ఫిబ్రవరిలో మన హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ కుర్రాడు సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యారు. మేలో, కైనెక్ట్ లేకుండా వంద డాలర్లు తక్కువకే పెట్టె ఇస్తామన్నారు. ఈ రెండిటికీ ముడిపెట్టి బేగంపేటలో స్వీట్లు పంచుకునే హక్కు మనకు ఎలాగూ ఉంది. ఆ తర్వాత తెలిసిన ముచ్చట ఇంకోటి. అప్పటిదాకా గ్రాఫిక్స్ శక్తిలో దాదాపు పది శాతం కైనెక్ట్‌కూ సిస్టమ్ పనులకూ పక్కన పెట్టి ఉంచారట. కెమెరాను పక్కన పెట్టాక దాన్ని గేములకు ఇచ్చేశారు. అదే జూన్‌లో నటుడు ఆరన్ పాల్‌తో తీసిన టీవీ ప్రకటనలో ఆయన "ఎక్స్‌బాక్స్ ఆన్" అంటే, ఆ ప్రకటన చూస్తున్న కొందరి ఇళ్లలో ఎక్స్‌బాక్స్‌లు నిజంగానే ఆన్ అయ్యాయి. ఇంటాయన పదిసార్లు అరిచినా పలకని పెట్టె టీవీలో నటుడు పిలిస్తే లేచి కూర్చుంది. పిల్లల విషయంలో ఇది మనకు అలవాటే.

అయినా నా మనసు దోచింది 2012లో బయటికొచ్చిన మైక్రోసాఫ్ట్ పేటెంట్ దరఖాస్తు. కెమెరా గదిలో ఎంతమంది ఉన్నారో లెక్కపెడుతుంది. మీరు కొన్న లైసెన్సు అయిదుగురికైతే, ఆరో మనిషి కనిపించగానే ఏదో ఒక చర్య తీసుకోవచ్చు. ఇది అమల్లోకి రాకుండా కాగితం మీదే ఉండిపోవడం తెలుగువాళ్లు చేసుకున్న పుణ్యం. సంక్రాంతికి కూతురూ అల్లుడూ, ముగ్గురు పిల్లలూ దిగుతారు. సినిమా పెడతారు. చంకలో పిల్లకు టికెట్టు ఉంటుందా? గుమ్మం దగ్గర "నేనిప్పుడే వెళ్లిపోతా వదినా" అంటూ క్లైమాక్స్ దాకా నిలబడే పక్కింటావిడ ఫుల్లా, హాఫా? కుర్చీలో నిద్రపోయిన తాతగారిని కలపాలా? అల్లుడి లెక్క దగ్గర సినిమా ఆగిపోతే ఆ ఇంట్లో పండగ అక్కడితో సరి.

కైనెక్ట్ తయారీ 2017లో ఆపేశారు. తమాషా ఏమిటంటే గేముల లోకంలో చతికిలబడ్డ ఈ కెమెరా బయట బాగా రాణించింది. రోబోలు చేసేవాళ్లు, వైద్య పరిశోధకులు దాన్ని ఎగబడి కొన్నారు. చివరికి 2019లో అజూర్ కైనెక్ట్ పేరుతో గేములతో ఏ సంబంధమూ లేని కెమెరాను మైక్రోసాఫ్టే అమ్మింది. ప్లేస్టేషన్ 3 అంతే, కైనెక్ట్ అంతే. నా సిద్ధాంతానికి ఇంతకుమించి రుజువు అక్కర్లేదు.

కాబట్టి రాబోయే తరం కన్సోల్ ఇలా ఉండాలి. ఒక టీబీ డిస్క్, మొత్తం సిస్టమ్ సాఫ్ట్‌వేర్‌కే. అప్‌డేట్ రోజూ ఆరింటికి మొదలై తొమ్మిదింటికి ముగియాలి, సీరియళ్లకు అడ్డం రాకుండా చూసుకోవాలి. మిగిలిన సమయం చూపించే అంకె పైకే వెళ్లాలి, కిందికి దిగి మనుషులకు లేనిపోని ఆశలు పెట్టకూడదు. డిస్క్ పెట్టే సొరుగు ఉండొచ్చు, కానీ అందులో పెట్టడానికి ఏదీ అమ్మకూడదు. కెమెరా మాత్రం పెట్టెతోపాటే ఇవ్వాలి, ఎవరైనా గేమ్ ఆడే ఉద్దేశంతో సోఫాలో కూర్చుంటే పసిగట్టడానికి. ఇంత చెప్పినా ఆడి తీరాలనే మొండివాళ్లు ఉంటారు. అలాంటివాళ్ల కోసం మన దగ్గర ఒక వస్తువు ఉంది, దాని పేరు క్యారమ్ బోర్డు. పౌడర్ డబ్బా మాత్రం విడిగా కొనుక్కోవాలి.