పోగొట్టుకోవడంలో వెయ్యేళ్ల అనుభవం

రాజవంశాల ఘనతను అవి గెలిచిన రాజ్యాలతో కొలిచే పాత అలవాటును చరిత్రకారులు ఇకనైనా మానుకోవాలి. గెలవడం ఎవరికైనా చేతనవుతుంది. గెలిచినవన్నీ వరుసగా పోగొట్టుకుంటూ, ప్రతి నష్టం తరువాతా సింహాసనం మీద ఇంకాస్త స్థిమితంగా సర్దుకుని కూర్చోవడం మాత్రం డెన్మార్క్ రాజులకు అబ్బిన విద్య. పదో శతాబ్దపు గోర్మ్ మొదలు నేటి పదో ఫ్రెడరిక్ వరకు వెయ్యేళ్లకు పైగా ఈ విద్య చెక్కు చెదరకుండా వారసుల చేతికి అందుతూ వస్తున్నది.

గోర్మ్ కొడుకు హరాల్డ్ బ్లూటూత్, డెన్మార్క్‌నంతటినీ నార్వేనూ గెలిచింది తానేనని యెల్లింగ్‌లో పెద్ద బండరాయి మీద చెక్కించుకున్నాడు. చివరికి కన్నకొడుకే తిరగబడి అతణ్ణి తరిమేశాడు. మనవడు క్నూట్ 1016లో ఇంగ్లండుకే రాజయ్యాడు. అతడు పోయిన ఏడేళ్లకు ఇంగ్లండూ పోయింది.

అయితే ఈ శాస్త్రానికి పరమాచార్యుడు మూడో ఫ్రెడరిక్. 1657లో ఆయన స్వీడన్ మీద యుద్ధం ప్రకటించాడు. ఆ చలికాలంలో డెన్మార్క్ దీవుల మధ్య సముద్రం గడ్డకట్టడంతో, స్వీడన్ సైన్యం ఓడలతో నిమిత్తం లేకుండా గుర్రాలతో సహా మంచు మీదుగా నడిచి వచ్చేసింది. 1658 ఫిబ్రవరిలో రోస్కిల్డె ఒప్పందం మీద సంతకం పెట్టి, జలసంధికి ఆవల తరతరాలుగా ఉన్న సారవంతమైన సీమలను ఆయన శత్రువుకు అప్పగించాడు. ఇలాంటి పనికి మరో దేశంలోనైతే తల పోయేది. తొమ్మిదేళ్ల కిందటే ఇంగ్లండులో ఒక రాజు తల పోయింది కూడా. డెన్మార్క్‌లో జరిగింది వేరు. 1660లో ప్రతినిధుల సభ ఆయనను వంశపారంపర్య రాజుగా ప్రకటించి, పట్టాభిషేకం వేళ ప్రభువులకు ఆయన రాసిచ్చిన హామీపత్రాన్ని రద్దు చేసి ఆయన చేతికే తిరిగి ఇచ్చింది. అంతవరకు రాజును ఎన్నుకునే దేశంలో ఎన్నిక అన్న మాటే లేకుండా పోయింది. 1665 నాటి రాజశాసనం రాజును మానవ చట్టాలన్నిటికీ అతీతుణ్ణి చేసి, ఒక్క దేవుడికి మాత్రమే జవాబుదారీగా నిలిపింది. ఇంతటి శాసనాన్ని అచ్చు వేయించింది 1709లో. పాటించవలసిన వాళ్లు దాన్ని చదివి తీరాలన్న నియమం ఎక్కడా లేదు కదా!

నిరంకుశాధికారానికి తగిన ఆసనం కూడా తయారైంది. రోసెన్‌బోర్గ్ కోటలో ఇప్పటికీ కనిపించే ఆ సింహాసనాన్ని పురాణాల్లోని ఒంటికొమ్ము గుర్రపు కొమ్ములతో చేశారని అప్పట్లో చెప్పుకునేవారు. అవి నిజానికి ఉత్తర సముద్రాల్లో తిరిగే నార్వాల్ అనే తిమింగిలం కోరలు. ఎదురుగా మూడు వెండి సింహాలు కాపలా కాస్తుంటాయి. డెన్మార్క్ అడవుల్లో సింహాలు లేవు, ఏనుగులూ లేవు. అందుకే కాబోలు ఆ రాజ్యపు అత్యున్నత పురస్కారం పేరు 'ఏనుగు'.

తరువాతి ప్రగతి వేగంగా సాగింది. 1814లో నార్వే పోయింది. అదే ఏడాది విలియం కేరీ తెలుగు వ్యాకరణం అచ్చయిన బెంగాల్‌లోని శ్రీరాంపూర్ పేరుకు డెన్మార్క్ రాజుదే అయినా, అప్పటికి బ్రిటిషువారి ఆక్రమణలో ఉంది. ఆ ఊరు తిరిగి చేతికి వచ్చాక, 1845లో తమిళ తీరంలోని తరంగంబాడితో కలిపి వారికే అమ్మేసి డేనులు చేతులు దులుపుకున్నారు. 1864లో జర్మనులతో యుద్ధంలో ష్లెస్విగ్, హోల్‌స్టైన్ సీమలు పోయాయి. అప్పటి రాజు తొమ్మిదో క్రిస్టియన్‌కు యూరప్ మామగారని పేరు; ఒక కూతురు బ్రిటన్‌కూ మరొకతె రష్యాకూ పట్టపురాణులయ్యారు. సంబంధాలు కలుపుకోవడంలో ఇంతటి దిట్టకు యుద్ధంలో మాత్రం ఏ వియ్యంకుడూ అక్కరకు రాలేదు. వియ్యపురాలు విక్టోరియా రాణి మనసైతే జర్మనుల వైపే ఉంది. 1917లో వెస్టిండీస్‌లో డెన్మార్క్‌కు ఉన్న దీవులను రెండున్నర కోట్ల డాలర్లకు అమెరికా కొనుక్కుంది. 1944లో, డెన్మార్క్ జర్మన్ల ఆక్రమణలో ఉన్న సమయం చూసి ఐస్‌లాండ్ విడిపోయి గణతంత్రమైతే, పదో క్రిస్టియన్ అభినందనలు తెలుపుతూ తంతి పంపాడు. మర్యాదకు ఇంతకంటే నిదర్శనం ఏం కావాలి?

చివరికి సింహాసనాన్ని కూడా ఈ వంశం చేజేతులా వదులుకోగలదని రెండో మార్గరెట్ నిరూపించింది. 2023 డిసెంబరు 31న టీవీ ప్రసంగంలో ప్రకటించి, పక్షం రోజుల్లో కొడుక్కు అప్పగించింది. అక్కడ ఒక రాజు తనంతట తాను తప్పుకోవడం అంతకుముందు 1146లో జరిగింది. తొందరపాటు అని ఎవరూ అనలేరు.

కొత్త రాజు వచ్చిన ఏడాదిలోపే రాజముద్రను సవరించాడు. స్వీడన్‌తో కలిసి ఉన్న కల్మార్ కూటమికి గుర్తయిన మూడు కిరీటాలను తీసివేసి, గ్రీన్‌లాండ్‌కు గుర్తయిన ధ్రువపు ఎలుగుబంటిని పెద్దది చేశాడు. ఆ కూటమి ముగిసింది 1523లో. దస్త్రం కదలడానికి అయిదు శతాబ్దాలు పట్టింది. ఎలుగుబంటి ఎదగడానికి కారణం వెతకనక్కరలేదు: గ్రీన్‌లాండ్‌ను కొంటానని ట్రంప్ 2019లోనే అన్నాడు. ఆ ద్వీపమంతటి మీదా డెన్మార్క్ అధికారాన్ని విస్తరించుకుంటే తమకు అభ్యంతరం లేదని ఆ వెస్టిండీస్ బేరంలో రాసిచ్చింది అమెరికాయే.

ఏది ఏమైనా, ఒక భూభాగాన్ని వదలబోమని ఇంత పట్టుదలగా ముద్ర మీద గీసుకోవడం వంశాచారానికి విరుద్ధమని ఈ రచయిత ఆందోళన. అదృష్టవశాత్తు 2009 నాటి స్వపరిపాలన చట్టం గ్రీన్‌లాండ్ ప్రజలకు కోరితే విడిపోయే దారి తెరిచే ఉంచింది. ఆ రోజు వస్తే రాజభవనం వారు కంగారు పడనవసరం లేదు. 1944 నాటి తంతి నకలు బీరువాలోనే ఉండి ఉంటుంది, దేశం పేరు మారిస్తే చాలు.