రంగుల మాంగా మీద తిరుగుతున్న మెసేజ్‌కు ఒక డ్రాయింగ్ టీచర్ జవాబు

పది పదిహేను రోజులుగా కడపలో తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. నాకే అయిదు గ్రూపుల నుంచి వచ్చింది. మాంగా అంటే జపాన్ బొమ్మల కథ. ఆ తరహాలో, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా రంగుల్లో వచ్చిన ఒక ఇంగ్లీషు బొమ్మల నవల గురించి అది. మెసేజ్ సారాంశం ఇది: "అసలు మాంగా నలుపు తెలుపులోనే ఉంటుంది, ఇది నకిలీ. చదివిన వాళ్లలోనే సగం మంది బాగాలేదంటున్నారు. బొమ్మలు చూడటం చదవడం కాదు, గంటలో అయిపోతుంది. ఇది మన సంస్కృతి కాదు, పిల్లలు పాడైపోతారు. అయిదు వందలు తగలేయకండి." కింద "అందరికీ పంపండి" అని ఉంది.

పుస్తకం పేరు రాయడం లేదు. ఇవే మాటలు రేపు ఇంకో బొమ్మల నవల మీద కూడా తిరుగుతాయి కాబట్టి పేరు ముఖ్యం కాదు. నేను కడపలో ఒక ప్రభుత్వ బడిలో డ్రాయింగ్ టీచర్‌ని. మా పిల్లలు చదువుతున్నారని తెలిసి ఆ పుస్తకం రెండుసార్లు చదివాను. అందులో లోపాలున్నాయి, అవి కూడా కింద రాశాను. మెసేజ్ రాసినవాళ్లు మాత్రం ఆ లోపాల్లో ఒక్కటి కూడా పట్టుకోలేదు.

"మాంగా నలుపు తెలుపులోనే ఉంటుంది."

జపాన్‌లో ఎక్కువ మాంగా నలుపు తెలుపులో వస్తుందన్నది నిజమే. దానికి కారణం ఖర్చు, టైము. అక్కడ కథ మొదట పుస్తకంగా రాదు, పత్రికలో సీరియల్‌గా వస్తుంది. 1968లో మొదలైన షోనెన్ జంప్ లాంటి వారపత్రిక ఒక్కో సంచిక నాలుగైదు వందల పేజీలుంటుంది. కాగితం నాసిరకం, ధర తక్కువ. చిత్రకారుడు సహాయకులను పెట్టుకుని వారానికి దాదాపు ఇరవై పేజీలు గీసి ఇవ్వాలి. అన్ని పేజీలకూ నాలుగు రంగుల అచ్చు వేస్తే ధర పిల్లలకు అందదు, గీసేవాళ్లకు వారం చాలదు. అందుకే ఒక్క నల్ల సిరాతో సరిపెట్టుకున్నారు. నీడలు, బట్టల రంగులు, ఆకాశం చూపించడానికి చుక్కలు అచ్చేసిన పలుచని షీట్లను కత్తిరించి బొమ్మ మీద అతికించడం నేర్చుకున్నారు. ఆ ఇబ్బందిలోంచి గొప్ప కళ పుట్టింది. ఆ పత్రికల్లోనే బాగా ఆదరణ ఉన్న కథకు మొదటి కొన్ని పేజీలు రంగుల్లో వేస్తారు. రంగు పేజీ దక్కడం చిత్రకారుడికి గౌరవం.

ఇంకా వెనక్కి పోతే, 1814లో జపాన్ చిత్రకారుడు హొకుసాయి బొమ్మల సంపుటాలు 'మాంగా' అన్న పేరుతోనే మొదలయ్యాయి. వాటిలో నలుపుతో పాటు బూడిద రంగు, లేత గులాబి రంగు కూడా అచ్చయ్యాయి. ఒటోమో కత్సుహిరో గీసిన 'అకిరా' అనే మాంగాను 1988 నుంచి అమెరికాలో అచ్చేసినప్పుడు స్టీవ్ ఓలిఫ్ కంప్యూటర్ మీద దానికి రంగులు వేశాడు. కొరియా వాళ్లు ఫోన్ల కోసం గీసే వెబ్‌టూన్లు చాలావరకు రంగుల్లోనే ఉంటాయి. ఇవన్నీ తెలిసిన వాళ్లెవరూ రంగు చూసి నకిలీ అనరు.

ఈ వాదనలో ఒక చిన్న నిజం ఉంది, దాన్ని దాచకూడదు. నలుపు తెలుపు కోసం గీసిన బొమ్మ మీద తర్వాత రంగు పూస్తే చాలాసార్లు బొమ్మ చెడుతుంది. దగ్గర దగ్గరగా వేసిన గీతలు, చుక్కలు అప్పటికే నీడను చూపించి ఉంటాయి. వాటి మీద మళ్లీ రంగు పడితే పేజీ మసిబారినట్టు కనిపిస్తుంది. ఈ పుస్తకం సంగతి వేరే. దీన్ని మొదటి నుంచీ రంగుల్లోనే ఆలోచించి గీశారు. గీతలు పలుచగా ఉన్నాయి, నీడ పనంతా రంగుకే అప్పజెప్పారు. రంగు కోసం గీసిన బొమ్మకూ, గీసిన తర్వాత రంగు పూసిన బొమ్మకూ తేడా పట్టుకోవడం మా ఎనిమిదో తరగతి పిల్లలకు ఒక్క పీరియడ్‌లో వచ్చింది.

కొందరు "ఎడమ నుంచి కుడికి ఉంది కాబట్టి కూడా నకిలీయే" అని ఆ మెసేజ్ కింద చేర్చారు. జపాన్ భాషలో వరుసలు నిలువుగా, కుడి నుంచి ఎడమకు నడుస్తాయి కాబట్టి వాళ్ల బొమ్మల గడులు కూడా అట్లే నడుస్తాయి. ఇది ఇంగ్లీషులోనే రాసిన కథ, ఇంగ్లీషు నడిచిన దారిలోనే బొమ్మలూ నడిచాయి.

"చదివిన వాళ్లలోనే సగం మంది బాగాలేదంటున్నారు."

నన్ను ఎక్కువ బాధ పెట్టింది ఈ మాట. సగం మందికి నచ్చకపోవడం నిజమే కావచ్చు. ఎందుకు నచ్చలేదో అడగకుండా లెక్కపెట్టి, ఆ లెక్కనే తీర్పుగా పంపేశారు. మా బడిలో ఉన్నది ఒక్క కాపీ. ఏడు నుంచి పదో తరగతి దాకా ఇరవై మందికి పైగా చదివారు. ఒక్కొక్కరికీ చీటీ ఇచ్చి ఏమనిపించిందో రాయమన్నాను. మా దగ్గర కూడా అభిప్రాయాలు రెండుగా చీలాయి. ఆ చీటీలు పట్టుకుని పిల్లలతో ఒక్కొక్కరితో కూర్చున్నాక నాకు తెలిసిన సంగతులు చెబుతాను.

ఒకమ్మాయి "రంగులు కళ్లలో పొడుస్తున్నాయి" అని రాసింది. ఇంకో అమ్మాయి "రంగులు వెలిసిపోయినట్టు ఉన్నాయి" అంది. ఇద్దరూ చెప్పింది ఒకే పేజీ గురించి, పండగ రాత్రి దీపాల బొమ్మ గురించి. ఆరా తీస్తే మొదటి అమ్మాయి వాళ్ల చిన్నాయన ఫోన్‌లో కొన్న కాపీ చదివింది. రెండో అమ్మాయి బడిలో ఉన్న అచ్చు పుస్తకం చదివింది. ఫోన్‌లో రంగు అంటే తెర వెనక నుంచి వచ్చే వెలుగు. కాగితం మీద రంగు అంటే దాని మీద పడిన వెలుగులో సిరా మింగేయగా మిగిలింది. అందుకే ఫోన్‌లో నిప్పులా ఉన్న నారింజ రంగు కాగితం మీద ఇటుక రంగులా అణిగిపోతుంది. మన తోలుబొమ్మలు చూసిన వాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మను చేతిలో పట్టుకుని చూస్తే రంగులు నిండుగా, బరువుగా ఉంటాయి. అదే బొమ్మను తెర మీద పెట్టి వెనక దీపం వెలిగిస్తే ఎరుపు, ఆకుపచ్చ భగ్గుమంటాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. నేను పిల్లలను అక్కడికి తీసుకుపోయినప్పుడు వాళ్లు మొదట అడిగింది కూడా ఇదే, బొమ్మ మారలేదు కదా, రంగు ఎందుకు మారింది అని. ఆ ఇద్దరమ్మాయిలూ చెప్పింది నిజమే. మెసేజ్ లెక్కలో మాత్రం ఆ రెండూ కలిసి "రంగులు బాగాలేవు" కింద రెండు ఓట్లయ్యాయి.

తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు "కథ అర్థం కాలేదు, ఎవరు ఎవరో తెలియలేదు" అని రాశాడు. క్లాసులో అందరికంటే ఎక్కువ చదివే పిల్లవాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు. పుస్తకం తెరిచి కథలోని అక్కచెల్లెళ్లను చూపించాను. ఇద్దరి ముఖం ఒకటే, జడ ఒకటే, యూనిఫాం ఒకటే. అక్క జుట్టు ఎర్రగా, చెల్లెలి జుట్టు ఆకుపచ్చగా ఉంటుంది. "ఇద్దరిదీ ఒకే రంగు కదా మేడం" అన్నాడు. అప్పుడు నాకు గుర్తొచ్చింది, రెండేళ్ల కిందట వాడు ఆకులకు గోధుమ రంగు వేస్తే నేను కోప్పడ్డాను. వాళ్ల అమ్మానాయనలకు చెప్పి కంటి డాక్టర్‌కు చూపించమన్నాను. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియని లోపం ఉందని డాక్టర్ చెప్పారు. ఈ లోపానికి కారణమైన జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి. మగపిల్లలకు ఆ క్రోమోజోమ్ ఒక్కటే కాబట్టి, అది చెడితే పూడ్చడానికి రెండోది ఉండదు. అందుకే ఇది ఆడపిల్లల కంటే మగపిల్లల్లో చాలా ఎక్కువ.

పుస్తకం మీద అన్నిటికంటే బలమైన విమర్శ ఆ అబ్బాయి చీటీలోనే ఉంది. నలుపు తెలుపులో గీసేవాళ్లకు జుట్టు రంగు చేతిలో ఉండదు కాబట్టి జడ తీరు, కనుబొమ్మ, కాలరు, నిలబడే పద్ధతి మార్చి పాత్రలను వేరు చేస్తారు. ఈ పుస్తకం గీసినవాళ్లు రంగును నమ్ముకుని ఆ జాగ్రత్త వదిలేశారు. అది తప్పే, నేను ఒప్పుకుంటాను. ఆ తప్పును ఆ అబ్బాయి తన కళ్లతో కనిపెట్టాడు. "బాగాలేదన్న సగం మంది"లో వాడిని కలిపేస్తే వాడు చెప్పింది ఎవరికీ వినపడదు.

పోట్లాట పేజీలు గజిబిజిగా ఉన్నాయని నలుగురు రాశారు. నేనూ మూడు చోట్ల వెనక్కి తిప్పి చూడాల్సి వచ్చింది. అందులో వాదించడానికేమీ లేదు.

"బొమ్మలు చూడటం చదవడం కాదు. గంటలో అయిపోతుంది."

ఆ పుస్తకంలో నాయనమ్మ చనిపోయిన తర్వాత నాలుగు పేజీల్లో ఒక్క మాట లేదు. ఇంటి గోడల పసుపు రంగు ఒక్కో గడిలో కొంచెం కొంచెం తగ్గిపోతుంది. చివరి గడిలో బూడిద రంగు, మూల నాయనమ్మ చెప్పులు మాత్రం మిగులుతాయి. ఏడో తరగతి పాప ఆ పేజీల దగ్గర ఆగి, పుస్తకాన్ని మూడుసార్లు చదివింది. చీటీలో "మా జేజి పోయినప్పుడు మా ఇల్లు కూడా ఇట్లే అయింది" అని రాసింది. ఒక గడికీ పక్క గడికీ మధ్య ఉండే తెల్లటి సందులో ఏం జరిగిందో పుస్తకం చెప్పదు, ఆ పాపే నింపుకోవాలి. నింపుకుంది. చదవడమంటే ఇంకేమిటో నాకు తెలియదు.

మాటల సంగతి కూడా చూద్దాం. 1988లో హేస్, ఆరెన్స్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు ఇంగ్లీషులో అరుదుగా వాడే మాటలు ఎక్కడెక్కడ ఎన్ని వస్తాయో లెక్కపెట్టారు. కామిక్ పుస్తకాల్లో వెయ్యి మాటలకు 53.5 దొరికాయి. పిల్లల పుస్తకాల్లో 30.9, కాలేజీ చదువులు చదివిన పెద్దలు స్నేహితులతో మాట్లాడుకునే మాటల్లో 17.3. ఇవి ఇంగ్లీషు లెక్కలు, ఈ పుస్తకం కూడా ఇంగ్లీషుదే. ఇంగ్లీషు పాఠం చదవమంటే టెన్షన్ పడే మా పిల్లలు దీన్ని పట్టుకుని "దీనికి అర్థం ఏంది మేడం" అని వెంటపడుతున్నారు. బొమ్మ సగం అర్థం ముందే చెప్పేస్తుంది కాబట్టి మిగతా సగం అడగడానికి వాళ్లకు భయం లేదు. ఇక గంటలో అయిపోవడం అంటారా, మొదటిసారి గంటే. మళ్లీ మళ్లీ తిప్పడం కూడా ఆ లెక్కలో చేర్చాలి.

"మన సంస్కృతి కాదు, పిల్లలు పాడైపోతారు."

లేపాక్షి వీరభద్రస్వామి గుడిలో మండపం పైకప్పు చూడండి. 16వ శతాబ్దంలో అర్జునుడి తపస్సు, పంది వేట, శివుడితో పోరు, పాశుపతం దొరకడం వరసగా ఒక కథలా గీశారు. కింద నిలబడి తల ఎత్తుకుని, నడుస్తూ చదవాలి. అంత దూరం ఎందుకు, 1947 జూలైలో చక్రపాణితో కలిసి 'చందమామ' మొదలుపెట్టిన బి. నాగిరెడ్డి పుట్టింది మన కడప జిల్లా పొట్టిపాడులో. వడ్డాది పాపయ్య గారి రంగుల అట్టలు చూసి పుస్తకం చేతిలోకి తీసుకున్న పిల్లలే ఇప్పుడు తాతలై ఈ మెసేజ్ పంపుతున్నారు.

పాడైపోతారన్న భయం చాలా పాతది. 1954లో అమెరికాలో ఫ్రెడ్రిక్ వెర్తం అనే మానసిక వైద్యుడు కామిక్స్ వల్లే పిల్లలు నేరాల వైపు పోతున్నారని పుస్తకం రాశాడు. సెనేట్ కమిటీ విచారణ పెట్టింది. ప్రచురణకర్తలు భయపడి అదే ఏడాది తమ మీద తామే సెన్సార్ పెట్టుకున్నారు. చాలా ఏళ్లకు ఆయన కాగితాలు పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాయి. కారల్ టిల్లీ అనే పరిశోధకురాలు వాటిని చదివి, పిల్లలు చెప్పిన మాటలను ఆయన మార్చాడని, వేర్వేరు పిల్లల మాటలను కలిపేశాడని 2012లో బయటపెట్టారు. అప్పటికి ఆ భయం తన పని చేసేసింది.

ఒక్క జాగ్రత్త మాత్రం తల్లిదండ్రులు నిజంగా తీసుకోవాలి. మాంగా అంతా పిల్లలకు కాదు. జపాన్‌లోనే చిన్న పిల్లలకు, పెద్ద పిల్లలకు, పెద్దవాళ్లకు వేర్వేరు పత్రికలున్నాయి. మీ పాప తెచ్చిన పుస్తకం మొదట మీరు పది పేజీలు తిప్పి చూడండి. ఈ పుస్తకంలో అట్లాంటిదేమీ లేదు.

"అయిదు వందలు తగలేయకండి."

ఈ మాటను నేను తేలిగ్గా తీసుకోను. మా పిల్లల ఇళ్లలో చాలామందికి అయిదు వందలు పెద్ద మొత్తమే. ఎవరినీ కొనమని నేను అడగలేదు. ఇద్దరం టీచర్లం కలిసి ఒక్క కాపీ కొన్నాం. ఇప్పటికి ఇరవై ఇళ్లు తిరిగింది, ఒక్కో ఇంటికి పాతిక రూపాయలకు మించి పడలేదు. పుస్తకం వీపు ఊడిపోతే మైదా జిగురు కాచి, పాత చీర అంచు పెట్టి అతికించాను. నాయనమ్మ చనిపోయే పేజీల మూలలు చేతులు తగిలి నల్లబడ్డాయి. అక్క కనిపించిన ప్రతి గడిలోనూ ఆ తొమ్మిదో తరగతి అబ్బాయి పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టుకుని మళ్లీ మొదటి నుంచి చదివాడు. ఆ చుక్కలు నేను చెరపలేదు. ఇప్పుడు పుస్తకం ఎనిమిదో తరగతిలో ఉంది, ఇంకా ఆరుగురు పేర్లు రాయించుకున్నారు.