పక్కవాడి ఫోన్‌లోకి తొంగిచూడడం పౌరధర్మం

నగర పార్కుల్లో ఉచిత వైఫై పెట్టిన పెద్దలు అంతటితో ఊరుకోలేదు. 'వైఫై దుర్వినియోగం మీ దృష్టికి వస్తే వెంటనే తెలియజేయండి' అని గేటు దగ్గర బోర్డు కూడా పెట్టారు. ఇది చిన్న విషయం కాదు. ఇన్నాళ్లూ పార్కుకి వెళ్లిన మనిషి కాస్త గాలి పీల్చుకుని, కాసేపు కూర్చుని, దులుపుకుని లేచి వచ్చేసేవాడు. సమాజానికి ఇసుమంత ఉపయోగం లేదు. ఇప్పుడు బెంచీకొక నిఘా అధికారి. జీతం లేదు గానీ హోదా ఉంది.

'మీ దృష్టికి వస్తే' అన్న మాట జాగ్రత్తగా చదవండి. వైఫై తరంగాలు కంటికి కనబడవు. గాల్లో ఎవడి డేటా ఎటు పోతోందో ఎంత కళ్లలో ఒత్తులేసుకుని చూసినా తెలియదు. కాబట్టి దుర్వినియోగం దృష్టికి రావాలంటే ముందు పక్కవాడి ఫోన్ దృష్టికి రావాలి. అలా తొంగిచూడడం మర్యాద కాదనేవాళ్లు ఉంటారు. మనం మర్యాద చూసుకుంటూ కూర్చుంటే నెట్‌వర్క్ ఏమైపోవాలి?

ఇందులో కొన్ని మెళకువలున్నాయి. లేసు కట్టుకుంటున్నట్టు వంగడం పాతబడింది, పైగా చెప్పులేసుకొచ్చినవాళ్లు అలా వంగితే దొరికిపోతారు. నల్ల కళ్లద్దాలు మేలు, చూపు ఎటుందో ఎవరికీ తెలియదు. చెట్టుకి వీపు ఆనించి ఫోన్ చూసేవాడితో మాత్రం చాలా కష్టం. చేయి తిరిగిన దుర్వినియోగదారు ఎప్పుడూ చెట్టుకే ఆనుకుంటాడు. అన్నట్టు, మీరిలా అందరి తెరల్లోకీ చూస్తున్నప్పుడు మీ వంక ఇంకెవరో అదేపనిగా చూస్తూ కనబడితే కంగారుపడకండి. ఆయనా డ్యూటీలోనే ఉన్నాడు.

ఇంతకీ దుర్వినియోగమంటే ఏమిటంటారా? లాగిన్‌కి ముందు వచ్చే నిబంధనల పేజీలో అంతా రాసే ఉంటుంది. అది చదివే మనిషి దొరకడమే కష్టం. 2017లో పర్పుల్ అనే బ్రిటన్ వైఫై సంస్థ తన నిబంధనల్లో కావాలనే ఒక షరతు దూర్చింది. కనెక్ట్ అయినవాళ్లు వెయ్యి గంటలు సమాజసేవ చేయాలి, మరుగుదొడ్లు కడగడం, నత్తల గుల్లలకి రంగులేయడం వగైరా. రెండు వారాల్లో 22,000 మందికి పైగా 'అంగీకరిస్తున్నాను' అని నొక్కేశారు. షరతు కనిపెట్టి చెప్పింది ఒకే ఒక్కరు. ఆ లెక్కన వాళ్లంతా ఈపాటికి నత్తలకి బాకీ పడి ఉన్నారు.

నేను మాత్రం చదివాను. అధిక డేటా వాడకం తప్పు. అభ్యంతరకరమైనవి చూడడం తప్పు. ఇతరులకి అసౌకర్యం కలిగించడం తప్పు. దేనికి అధికం, ఎవరికి అభ్యంతరం అన్నది మన విజ్ఞతకే వదిలేశారు. మనవరాలితో వీడియో కాల్‌లో బిగ్గరగా మాట్లాడుతూ, మధ్యలో ఆ పిల్ల పెట్టిన కార్టూన్ చూసి పగలబడి నవ్వే తాతగారు ఈ మూడింటినీ ఒకేసారి ఉల్లంఘించగలరు. నా జాబితాలో మొదటి ముద్దాయి ఆయనే.

ఆయన పక్క బెంచీ మీద ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కుదురుగా కూర్చున్న కుర్రాడి మీద నాకే అనుమానమూ లేదు. చప్పుడు లేదు, నవ్వు లేదు, తెర మీద బొమ్మలు కూడా లేవు. ఇలాంటి బుద్ధిమంతులే 2010లో ఫైర్‌షీప్ అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్‌తో, పాస్‌వర్డ్ లేని వైఫైలో ఉన్న పక్కవాళ్ల ఫేస్‌బుక్ ఖాతాల్లోకి ఒక్క క్లిక్కుతో దూరిపోగలిగారు. ఆ తర్వాత సైట్లు మెల్లగా హెచ్‌టీటీపీఎస్‌కి, అంటే దారిలో ఎవరూ చదవలేకుండా డేటాకి తాళం వేసి పంపే పద్ధతికి మారడంతో ఆ దారి చాలామటుకు మూసుకుపోయింది. ఇంకో దారి తెరిచే ఉంది. సొంత హాట్‌స్పాట్ ఆన్ చేసి, దానికి పార్కు వైఫై పేరే పెట్టేయడం. ఎవరు ఏ పేరు పెట్టుకున్నా అడిగే నాథుడు లేడు. ఆ పేరుతో ముందే పరిచయమున్న ఫోన్లు చాలావరకు ఎవరి తాలూకా అని ఆరా తీయకుండా వెళ్లి అతుక్కుంటాయి. లాగిన్ పేజీ కూడా అచ్చం అలాగే తయారు చేస్తే జనమే నంబరూ పాస్‌వర్డూ తెచ్చి చేతిలో పెడతారు. (ఈ పేరుకి హద్దు 32 బైట్లు. తెలుగు అక్షరానికి మూడు బైట్లు, గుణింతపు గుర్తుకీ పొల్లుకీ మళ్లీ మూడేసి. 'పార్కు ఉచిత వైఫై' అని పెడదామంటే 44 అవుతాయి. భాషాభిమానం ఉన్న దొంగకి ఈ రంగంలో భవిష్యత్తు లేదు.)

ఫిర్యాదు ఫారంలో దీనికి గడి లేదు. అతిగా వాడడానికి ఉంది, అసభ్యతకి ఉంది, బ్యాటరీ చార్జింగ్ పాయింటు దగ్గర తోపులాటకి కూడా ఉంది. మిగతావన్నీ 'ఇతరములు'.

ఆ కింద 'నిందితుడి ఐపీ అడ్రస్' అని అడిగారు, అంటే ఇంటర్నెట్‌లో కనెక్షన్‌ని గుర్తుపట్టే నంబరు. పార్కులో ఎంతమంది ఉన్నా బయటి ప్రపంచానికి సాధారణంగా కనబడేది ఒకటే ఐపీ. అది రాస్తే ఫిర్యాదు చెట్లతో సహా పార్కు మొత్తం మీద పడుతుంది. పోనీ మ్యాక్ అడ్రస్, అంటే వైఫైకి పరికరం చెప్పుకునే సొంత గుర్తింపు సంఖ్య ఇద్దామా అంటే, 2019 నాటి ఆండ్రాయిడ్ 10 నుంచీ, 2020 నాటి ఐఓఎస్ 14 నుంచీ ఫోన్లు వైఫైకొక మారు అడ్రస్ చెబుతున్నాయి. గోప్యత కోసమట. ఫోన్ తన గోప్యత తాను చూసుకుంటోంది, యజమాని సంగతి యజమాని చూసుకోవాలి. ఎందుకంటే ఈ ఫారం తెరుచుకోవాలంటే అదే వైఫైలో మొబైల్ నంబరిచ్చి, ఓటీపీ కొట్టాలి. అంటే మొత్తం వ్యవహారంలో ఆనవాలు దొరికిన ఏకైక వ్యక్తి ఫిర్యాదుదారు.

ఆ నంబరుతో మీకేం పని, ఎన్నాళ్లు దాస్తారు, ఎవరి చేతికిస్తారు అని అడగడానికి చోటు వెతికాను. 'దుర్వినియోగం చేసినవారు' అన్నచోట నొక్కితే 'వాడుకదారు' అని ఒక్కటే వస్తోంది. నడిపేవాళ్లు దుర్వినియోగం చేయరు కాబోలు. వాళ్లది సేవ.

న్యూయార్క్ ఈ చిక్కుని చిటికెలో విప్పింది. 2016లో అక్కడ పాత టెలిఫోన్ బూత్‌ల స్థానంలో లింక్‌ఎన్‌వైసీ అనే ఉచిత వైఫై స్తంభాలు నిలబెట్టి, ఇంటర్నెట్ చూసుకోమని వాటికి ట్యాబ్లెట్లు బిగించారు. కొందరు అక్కడే గంటల తరబడి తిష్ఠ వేసి, నడివీధిలో చూడకూడనివి చూడసాగారు. ఆ సెప్టెంబరులోనే ట్యాబ్లెట్లలో బ్రౌజింగ్ ఎత్తేశారు. వైఫై ఉంది, స్తంభాలున్నాయి, వాటి మీద ప్రకటనలు భేషుగ్గా వెలుగుతూనే ఉన్నాయి. వాడకం లేనిచోట దుర్వినియోగం ఉండదన్న సూత్రాన్ని ఇంత పొదుపుగా అమలు చేసినవారు అరుదు.

నేను మాత్రం 'ఇతరములు' నొక్కి, నంబరు సంగతి రాసి పంపాను. జవాబు త్వరగానే వచ్చింది. ఫిర్యాదు పరిశీలించి ముగించారట. నిబంధనల పేజీ, ఫారం చాలాసేపు తెరిచి ఉంచి ఇతరుల వాడకానికి ఆటంకం కలిగించినందుకు నా నంబరుకి వైఫై తాత్కాలికంగా నిలిపేశారట. ఈ జవాబు నాకెంత తృప్తినిచ్చిందో అయిదు నక్షత్రాల్లో చెప్పమని చివర లింకు పెట్టారు. అది పార్కు వైఫైలోనే తెరుచుకుంటుంది.